కృపామణి పాఠం, మస్తాన్ వలీ గొంతు

2017 సెప్టెంబరులో బడి తెరిచిన రోజు తొమ్మిదో తరగతి అమ్మాయిల ఒక సెక్షన్ గదిలో నలభై ఒక్క పేర్లకు ఇరవై ఆరుగురే ఉన్నారు. హాజరు పిలుస్తూ కృపామణి మాటిమాటికీ ఆగవలసి వచ్చింది. జవాబు రాని పేరు దగ్గర వెనక బల్ల నుంచి ఎవరో "ఎగ్జిట్, మేడం" అనేవారు, దేశం వదిలి వెళ్ళిపోయిందని. ఐదారు పేర్లు గడిచాక పిల్లలకు అదొక ఆట అయింది. జవాబు లేకపోతే చాలు, అందరూ కలిసి "ఎగ్జిట్" అని అరిచి నవ్వారు. ఆమె కూడా ఒకసారి నవ్వింది. ప్రేమలత పేరు దగ్గర మాత్రం నవ్వలేదు. సైన్సులో ఆ తరగతికి ఆ పిల్లే మొదటిది.

సౌదీలో ఖమీస్ ముషైత్‌లోని ఆ ప్రైవేటు ఇండియన్ స్కూల్లో కృపామణి జీవశాస్త్రం చెప్పేది. ఊరు బాపట్ల. ఎమ్మెస్సీ, బీఎడ్. భర్త యిర్మీయా ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ టెక్నీషియన్. ఆయన ఇకామా మీద, అంటే ఆయన నివాస కార్డుకు ఆధారపడిన మనిషిగా, 2009లో ఇక్కడికి వచ్చింది. కోస్తా క్రైస్తవుల ఆడపడుచు సౌదీలో ఉందంటే నర్సే అయి ఉండాలని అందరి లెక్క. కొత్తగా పరిచయమైన వాళ్ళు "ఏ హాస్పిటలండీ? ఏ వార్డు?" అని అడిగితే, "తొమ్మిదో వార్డు. నలభై మంది పేషెంట్లు. ఒక్కరూ డిశ్చార్జి అవ్వరు" అనేది.

2013లో నితాఖత్ తనిఖీలు, అంటే ప్రతి సంస్థలో ఇంతమంది సౌదీలు ఉండాలన్న లెక్క తనిఖీలు, మొదలైనప్పుడు, భర్త ఇకామా మీద ఉండి పాఠాలు చెబుతున్న టీచర్లందరినీ స్కూలు మూడు వారాలు ఇంట్లో కూర్చోమంది. తరవాత వాళ్ళకు అనుమతి కాగితాలు తెచ్చింది. ఏడాదికోసారి ఆ కాగితం మళ్ళీ తెస్తేనే ఉద్యోగం. నాలుగేళ్ళు అలాగే నడిచింది. 2017 జులైలో, ప్రైవేటు ఉద్యోగుల మీద ఆధారపడి ఉన్న భార్యాపిల్లలకు తలకింత చొప్పున నెలనెలా రుసుము పడింది. ఏటేటా పెరుగుతుందని ముందే చెప్పారు. ఇకామా రెన్యూ చేయాలంటే ఏడాది మొత్తం ముందే కట్టాలి. ఆ వేసవి సెలవులకు ఊరికి వెళ్ళిన పిల్లల్లో చాలామంది అక్కడే ఉండిపోయారు.

యిర్మీయా ఆ రోజుల్లోనే భార్యతో మాట ఖరారు చేసుకున్నాడు.

"మా కంపెనీ ఒక్క రియాల్ కూడా ఇవ్వదంట. నీ జీతం ఉన్నన్నాళ్ళు నువ్వూ, క్రిస్టీనా ఇక్కడుంటారు. అది ఆగిందా, మీ ఇద్దరూ బాపట్ల, నేను క్యాంపు. ఇంక మూడో దారి లేదు."

"ఆగదులెండి. జీవశాస్త్రానికి మా అమ్మాయిల సెక్షన్లో నేనొక్కదాన్నే."

క్రిస్టీనా వాళ్ళ కూతురు. అప్పుడు ఐదో తరగతి.

స్కూల్లో ప్రయోగశాల అనేది తలుపు మీద బోర్డు మాత్రమే. లోపల ఒక మైక్రోస్కోపు ఉంది, దాని కటకం పగిలింది. కొనమని మూడేళ్ళు అడిగి మానేశాక కృపామణి ఇంటర్నెట్ మీద పడింది. డబ్బు కట్టనవసరం లేని ప్రతిదాన్నీ వెతికింది. ఎక్కడో అమెరికా విశ్వవిద్యాలయం వాళ్ళు ఊరికే పెట్టిన బొమ్మల ప్రయోగాలు, ప్రశ్నపత్రం తయారుచేసి వెంటనే మార్కులు వేసే ఫారాలు, తెర మీద కదిలేదాన్ని మాటతో సహా రికార్డు చేసే సాఫ్ట్‌వేరు. ఉచితంగా దొరికే ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట గోడ ఉంటుంది. రికార్డు చేసేది పదిహేను నిమిషాలకు ఆగిపోయేది. క్విజ్‌లో యాభై మందికి మించి పట్టేవారు కాదు. కృపామణి పాఠాన్ని పద్నాలుగు నిమిషాల ముక్కలుగా కోయడం నేర్చుకుంది. దానివల్ల పాఠం బాగుపడిందని ఆమే ఒప్పుకుంటుంది.

సెప్టెంబరు మూడోవారంలో ప్రేమలత ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న యాదగిరి రోడ్డు పనుల ఫోర్‌మన్. ఆయన ఇక్కడే ఉండి, భార్యనూ పిల్లనూ జగిత్యాలకు పంపేశాడు.

"మేడమ్, ఈడ బయాలజీ సార్ లేడు. గైడ్ల చూసి రాసుకోమంటున్రు."

"పుస్తకం ఉంది కదమ్మా, చదువుకో."

"సద్వితె సమజైతలేదు మేడమ్. మీరు సెప్పినట్లు ఎవ్వలు సెప్తలేరు. జర ఫోన్లనన్న సెప్పున్రి."

ఫోన్‌లో ఎంతమందికి చెబుతుంది? వెళ్ళిపోయిన పదిహేను మందిలో తొమ్మిది మంది నంబర్లు ఆమె దగ్గర ఉన్నాయి. అప్పుడు ఒక నిర్ణయం తీసుకుంది. అంతవరకు ఆమె రికార్డులు తరగతిలో తన మాటకు తోడుగా ఉండేవి. ఇక నుంచి టీచర్ పక్కన లేకపోయినా పిల్ల ఒక్కతే కూర్చుని మొదటి నుంచి చివరి దాకా నేర్చుకోగలిగేలా చేయాలనుకుంది. పిల్ల ఎక్కడ తడబడుతుందో ముందే ఊహించి అక్కడ ఆగాలి. తప్పు జవాబు నొక్కితే, ఎందుకు తప్పో చెప్పే మరో చిన్న రికార్డు రావాలి. ప్రతి పాఠం కిందా సందేహం రాసే ఫారం ఉండాలి. స్కూల్లో కెమెరా ఫోన్ తేకూడదు కాబట్టి పని అంతా ఇంట్లో, శుక్రవారాలు. వంటగదిలో ఏసీ ఆపేసి, చప్పుడు లేకుండా.

గుండె పాఠానికి గొర్రె గుండె కావలసి వచ్చింది.

"ఎన్ని తేవాలి?" అని అడిగాడు యిర్మీయా.

"మూడు. మొదటిది కోయడంలో పాడైపోద్ది."

"పెళ్ళయి పన్నెండేళ్ళయింది, ఒక్కసారి నా గుండె ఎలా ఉందని అడగలేదు. గొర్రెదైతే మూడు కావాలంట."

"మీది కోస్తే ఏముందండీ, ఫ్రియాన్ గ్యాస్ వస్తది."

క్రిస్టీనా స్టూలు మీద నిలబడి ఫోన్ పట్టుకుంది. తెర మీద కృపామణి ముఖం లేదు. చేతులు, కత్తి, చెక్క పలక మీద గుండె. నాలుగు గదులూ విప్పి చూపించాక మిగిలింది కూర వండింది. ఆ పద్నాలుగు నిమిషాల పాఠం చూసి పిల్లలు రక్తప్రసరణ బొమ్మను మళ్ళీ ఎప్పుడూ తప్పు గీయలేదు. మార్చికల్లా అలాంటివి డెబ్బై పైన అయ్యాయి.

ప్రిన్సిపాల్ జమాలుద్దీన్‌ది నంద్యాల. చెడ్డవాడని ఎవరూ అనరు. మేనేజ్‌మెంటు అడగబోయేది ముందే ఊహించి చేసిపెట్టడమే ఉద్యోగం అనుకునే మనిషి. 2018 ఏప్రిల్‌లో ఆయన కృపామణి పాఠాలు చూసి, టీచర్లందరికీ శిక్షణ ఇమ్మన్నాడు. 'డిజిటల్ ఇన్‌చార్జి' అని ఒక కాగితం ఇచ్చాడు. దానితో జీతమేమీ కదల్లేదు. ఆ కాగితాన్ని ఆమె ఇంట్లో అల్మారాలో ఇకామా పక్కన పెట్టింది. ఇన్‌చార్జి అయిన మనిషిని అంత తేలికగా తీసేయరని ఆమె నమ్మకం.

"అన్నీ స్కూలు ఐడీలోకి మార్చండి మేడం. మీ సొంత ఐడీలో ఉంటే రేపు ఎవరన్నా అడిగితే ఏం జెప్పాల?"

మార్చింది. మార్చగానే స్కూలు ఐడీ లేని పిల్లలకు పాఠాలు మూసుకుపోయాయి. జగిత్యాల నుంచి ప్రేమలత మెసేజ్ పెట్టింది. కృపామణి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళింది.

"పోయిన పిల్లలకి కూడా చూడనిద్దాం సార్. వాళ్ళ కోసమే చేశాను అసలు."

"ఫీజు గట్టని పిల్లకు మనమెందుకు జెప్పాల మేడం? రేపు ఇక్కడ ఉండే తండ్రులు కూడా అదే అంటారు. పిల్లను ఊరికి పంపించి పాఠం ఇక్కడిది జూపిస్తామని."

ప్రేమలత రెండుసార్లు అడిగి, మూడోసారి అడగలేదు.

ఆ జులైలో రుసుము రెండింతలైంది. సెప్టెంబరులో పదో తరగతి అమ్మాయిల రెండు సెక్షన్లు కలిపితే ముప్పై నలుగురు. గోడ అవతల అబ్బాయిల సెక్షన్లో జీవశాస్త్రం సారు సెలవులకు వెళ్ళి తిరిగి రాలేదు. నితాఖత్ లెక్కలో స్కూలు పచ్చ నుంచి పసుపుకు దిగింది. సౌదీ ఉద్యోగుల శాతం చాలలేదన్నమాట. కొత్త వీసాలు రావు, ఉన్న అనుమతులు రెన్యూ చేసుకోవడమే కష్టం. అబ్బాయిలకు కృపామణి పాఠాలు వేద్దామని జమాలుద్దీన్ అన్నాడు. ఆమెకు సంతోషమే కలిగింది. ఆ గోడ అవతలికి ఆడ టీచర్ వెళ్ళకూడదు. పాఠమైనా వెళ్తోంది కదా అనుకుంది.

ఆమె గొంతుతో అబ్బాయిల సెక్షన్లో పాఠం నడపడానికి వీల్లేదని ఎవరూ అనలేదు. తండ్రుల్లో ఎవరూ ఫిర్యాదు చేయలేదు, మేనేజ్‌మెంటు అడగలేదు. అడుగుతారేమోనని జమాలుద్దీన్ ముందే జాగ్రత్తపడ్డాడు. అటువైపు కంప్యూటర్లు చెప్పే మస్తాన్ వలీని పిలిచి, పాఠాలకు అతని గొంతు పెట్టమన్నాడు. గుండె పాఠంలో కనబడే చేతుల మీద స్కూలు లోగో అంటించమన్నాడు.

మస్తాన్ వలీది తెనాలి. మొహమాటస్థుడు. సాయంత్రాలు కృపామణికి ఫోన్ చేసేవాడు.

"మేడం గారూ, పోలెన్ ట్యూబ్ అన్నాక మీరు ఒక్క క్షణం ఆగారు. నేనూ ఆగాలా?"

"ఆగండి. అక్కడ పిల్లలు బొమ్మ చూస్తారు."

"వెంట్రికల్ దగ్గర మీరు నవ్వారు మేడం."

"కత్తి జారిందండీ. అది మీరు నవ్వక్కర్లేదు."

"నాకిదంతా దొంగతనంలా ఉంది మేడం గారూ."

"ఉద్యోగం కదండీ. చదవండి, వింటాను."

డెబ్బై ఆరు పాఠాలు అలా ఫోన్‌లో దిద్దింది. ఉచ్చారణ, ఆగవలసిన చోట్లు, గొంతు పెంచవలసిన చోట్లు. యిర్మీయా రెండు నెలలు ఊరుకుని ఒకరోజు అన్నాడు.

"నీ పాఠం వాడికి నేర్పుతున్నావు. రేపు వాడు నీ బదులు చెప్తే?"

"అతను కంప్యూటర్ల సారండీ. పిల్లలకి తప్పు వెళ్ళకూడదని చెప్తున్నా, అంతే."

"తప్పు వెళ్తే నీ పీరియడ్లు ఉంటాయే పిచ్చిదానా."

నవంబరు చివర్లో జమాలుద్దీన్ ఆమెను ఆఫీసుకు పిలిచాడు. టీ తెప్పించాడు. ఆ ఆఫీసులో టీ వచ్చిందంటే సంగతి ఏమిటో టీచర్లందరికీ తెలుసు.

"మీ మీద కంప్లయింటు ఏం లేదు మేడం."

"కంప్లయింటు లేకుండా తీసేస్తారా సార్?"

"తీసేయడం అంటే ఎట్లా? డిసెంబరులో మీ పర్మిట్ రెన్యూ చేయడం లేదు, అంతే. మనకిచ్చిన పర్మిట్లలో ఒకటి తగ్గించాల. లెక్కల మేడంను తీసేస్తే లెక్కలు ఎవురు జెప్తారు?"

"బయాలజీ ఎవరు చెప్తారు?"

"మస్తాన్ వలీ వెర్షనే ఇటు కూడా వేస్తాం. రెండు పక్కలా ఒకటే పాఠం ఉంటే మంచిది గదా. గదిలో కూర్చోడానికి లైబ్రేరియన్ ఉండాది."

లైబ్రేరియన్ ఆ సెప్టెంబరులోనే చేరిన సౌదీ యువతి. శాతం పెంచడానికి ఆమెను తీసుకున్నారు గానీ, లైబ్రరీలో పుస్తకాలు అంతంతమాత్రం.

"సార్, మార్చిలో పిల్లలకి బోర్డు పరీక్ష. నాలుగు నెలలు ఆగండి. జీతం సగమే ఇవ్వండి. నేను లేకపోతే..."

"మీరు లేకపోయినా జరిగేటట్టు చేసినారు గదా మేడం. అది మీ గొప్పతనం. నేను మేనేజ్‌మెంటుకు కూడా అదే జెప్పినా."

ఆమె టీ తాగలేదు.

నోటీసు నెల మాత్రం బడికి వెళ్ళింది. పాఠం చెప్పడానికి కాదు. లైబ్రేరియన్‌కు ప్రొజెక్టర్ ఎలా పెట్టాలో, క్విజ్ ఎప్పుడు తెరవాలో చూపించడానికి. ఆ అమ్మాయి మంచిదే. "నేను చరిత్ర చదివాను, ఇదంతా నాకు తెలియదు, మీరు ఎందుకు వెళ్తున్నారు?" అని ఇంగ్లీషులో అడిగింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. కృపామణి కూడా చెప్పలేదు. చెబితే ఆ పిల్ల తన ఉద్యోగాన్ని తానే అసహ్యించుకుంటుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

వెనక బల్ల మీద కూర్చుని తన పాఠం మస్తాన్ వలీ గొంతులో విన్నది. ఆగవలసిన చోట ఆగాడు. ఒక అమ్మాయి తల తిప్పి, "మేడం, బృహద్ధమని గోడ ఎందుకంత మందంగా ఉంటది?" అని నేరుగా ఆమెనే అడిగింది. కృపామణి లేచి బోర్డు దగ్గరికి నడిచింది. కారిడార్‌లో వెళ్తున్న సూపర్‌వైజర్ తలుపు దగ్గర ఆగి, "మేడం, పాఠం ఆపొద్దు ప్లీజ్. అటు అబ్బాయిలకీ, ఇటు మనకీ ఒకే టైముకి అవ్వాలి. డౌట్లు ఫారంలో రాయమనండి" అంది. కృపామణి సుద్దముక్క కింద పెట్టి వెనక్కి వచ్చి కూర్చుంది. ఆ పిల్ల ఫారంలో రాసింది.

ఆఖరి రోజు వరకు స్కూలు ఐడీ పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉంది. యిర్మీయా సూటిగా చెప్పాడు.

"మొత్తం తుడిచేసి రా. ఒక్కటి కూడా మిగల్చకు."

ఆ మధ్యాహ్నం స్టాఫ్ గదిలో ఆమె అన్ని పాఠాలనూ ఎంచుకుంది. తెర నీలంగా అయింది. ఒక్క మీట నొక్కితే పోయేవి. నొక్కకుండా మూసేసింది. దాన్ని మంచితనమంటే ఆమెకు చిరాకు. "తుడిస్తే ముప్పై నలుగురు పిల్లలు పోతారు. ప్రిన్సిపాల్‌కి ఏం పోద్ది? ఆయనెప్పుడన్నా పరీక్ష రాస్తాడా?" అంటుంది. తనకోసం ఒక కాపీ తీసుకోవాలన్న ఆలోచన మాత్రం ఆమెకు రాలేదు. ఇన్నేళ్ళ ఉచిత చదువులో ఆమె నేర్చుకోని సంగతి అదే. సాయంత్రానికి పాస్‌వర్డు మారింది.

భార్యకూ కూతురికీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టవలసింది భర్తే. సర్కారు యాప్‌లో, తన ఫోన్ నుంచి. యిర్మీయా ఒక ఆసుపత్రి మేడ మీద ఏసీ యూనిట్ల మధ్య కూర్చుని, పని చేస్తూ చేస్తూ మధ్యలో రెండు పేర్లూ నొక్కాడు. ఖాయమేనా అని యాప్ రెండుసార్లు అడిగింది. జనవరి మొదటి వారంలో వాళ్ళు విమానం ఎక్కారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, అతను కంపెనీ క్యాంపులో ఐదుగురుండే గదిలో ఆరో మంచం వేసుకున్నాడు.

బాపట్లలో కృపామణి మూడు స్కూళ్ళకు వెళ్ళింది. పదేళ్ళు గల్ఫ్‌లో చెప్పిన టీచర్ అంటే ముందు కుర్చీ వేశారు. రెండోచోట కరస్పాండెంటు, "మీ డిజిటల్ పాఠాలు ఏవన్నా చూపించండమ్మా" అన్నాడు. ఆమె లింకు నొక్కింది. అనుమతి లేదని వచ్చింది. స్కూలు అందరికీ కనబడేలా పెట్టిన పాఠం ఒక్కటే దొరికింది, గుండె పాఠం. అది వేసింది. మస్తాన్ వలీ గొంతు వినబడింది.

"ఇది మీరు చేసిందా అమ్మా? మగాయన కదా చెప్తుంది."

"గొంతు మార్చారండీ. చేతులు నావి."

ఆయన వంగి చూశాడు. చేతులు ఉండవలసిన చోట స్కూలు లోగో కత్తి పట్టుకుని గుండె కోస్తోంది. ఆయన నవ్వు ఆపుకున్నాడు. చివరికి మూడో స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు దొరికింది. అక్కడ జీతం సంగతి ఆమె చెప్పదు.

సందేహాలు మాత్రం ఆగలేదు. ఆ ఫారాన్ని స్కూలు ఐడీలోకి మార్చినప్పుడు స్కూలు మెయిల్ ఆమె ఫోన్‌లో సరిగా తెరుచుకునేది కాదు. అందుకని పిల్ల అడిగిన ప్రశ్న తన సొంత మెయిల్‌కు వచ్చేలా, ఇచ్చిన జవాబు మళ్ళీ ఆ పిల్లకు వెళ్ళేలా, ఫారంలో మార్పులు కూడా ఆ మెయిల్ నుంచే చేసుకునేలా అమర్చుకుంది. ఐడీ తీసుకున్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు. జనవరి రెండో వారంలో మొదటిది వచ్చింది. "ఊపిరితిత్తులకు వెళ్ళే ధమనిలో చెడు రక్తం ఎందుకు ఉంటుంది?" తరవాత రోజుకు ఐదు. ఫిబ్రవరిలో రోజుకు ఇరవై. అబ్బాయిల సెక్షన్ నుంచి కూడా వస్తున్నాయని భాషను బట్టి పోల్చుకుంది. కొందరు "డియర్ సర్" అని రాసేవారు.

అన్నిటికీ జవాబిచ్చింది. క్యాంపు నుంచి యిర్మీయా ఫోన్‌లో తిట్టాడు.

"జీతం ఇచ్చినప్పుడు చెప్పనివ్వలేదు. ఇప్పుడు ఊరికే చెప్తున్నావు. నీకంటే పెద్ద ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కడన్నా ఉంటదా?"

"మార్చి దాకానేనండీ."

"మార్చి దాకా అంటే వాళ్ళకి కావాల్సింది కూడా అదేగా."

అతను చెప్పింది నిజం.

మార్చిలో పదో తరగతి సైన్సు పరీక్ష అయిన సాయంత్రం ఆఖరి మెయిల్ వచ్చింది. ప్రశ్న కాదు. "గుండె బొమ్మ వచ్చింది సర్, థాంక్యూ" అని ఉంది. కృపామణి ఆ ఫారం సెట్టింగుల్లోకి వెళ్ళి తన మెయిల్‌ను తీసేసింది. అర నిమిషం పని.

ఏప్రిల్‌లో మస్తాన్ వలీ ఆమెకు స్కూలు కొత్త కరపత్రం ఫొటో పంపాడు. పదో తరగతి సైన్సులో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత రావచ్చన్న ధీమా, దాని కింద పెద్ద అక్షరాల్లో "ఇరవై నాలుగు గంటలూ సందేహ నివృత్తి".

మరో పది రోజులకు జమాలుద్దీన్ నుంచి మెసేజ్ వచ్చింది. "మేడం, బాగుండారా? డౌట్ల ఫారంలో జవాబులు రావడం లేదు. పేరెంట్స్ అడుగుతాండారు. కొంచెం చూస్తారా?"

ఆమె ఏడో తరగతి నోటు పుస్తకాలు దిద్దుతోంది. అవి పూర్తిచేసి రాసింది. "ఫారం బాగానే పనిచేస్తుంది సార్. జవాబులు నేను ఇచ్చేదాన్ని."

ఆయన వెంటనే చదివాడు. కొంచెంసేపు ఏదో టైపు చేస్తున్నట్టు కనబడింది, ఆగింది, మళ్ళీ కనబడింది.

"ఓకే మేడం" అని వచ్చింది. "ఐటీ వాళ్ళను చూడమని చెప్తా."